ఆ కొండ రంగు ఎవరిది?

ముస్లింలకు చిత్రకళ లేదన్న మాట మాకు కొత్త కాదు. లౌకికవాద మిత్రులు దాన్ని జాలిగా అంటారు. మా మతపెద్దల్లో కొందరు అదే మాటను గర్వంగా అంటారు. ఒకరికి లోటుగా తోచింది మరొకరికి ఘనతగా తోస్తోంది. మాట మాత్రం ఒకటే. ఈ ఇద్దరి నడుమ నలిగిపోయేవాడు కుంచె పట్టిన ముస్లిం. బొమ్మ గీస్తే నువ్వు ముస్లింవేమిటి అంటారు. ముస్లింనే అంటే, మరి నీ బొమ్మలో ఈ ఆధ్యాత్మికత ఎక్కడిది, ఇది మీది కాదే అంటారు.

ఈ రెండో మాట మొదటిదానికన్నా ప్రమాదకరమైంది. మొదటిది మా చేతిలో కుంచె లేదంటుంది. రెండోది మా కుంచెలో మేం లేమంటుంది. దీన్ని గట్టిగా పరీక్షించి చూడాలంటే ఇండోనేసియా చిత్రకళ దగ్గరికి వెళ్లాలి. ఇరవై కోట్లకు పైగా ముస్లింలున్న దేశం అది. నూట యాభై ఏళ్లకు పైగా అక్కడి చిత్రకారులు కొండల్నీ పొలాల్నీ సముద్రాన్నీ నూనెరంగుల్లో వేస్తున్నారు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ చిత్రాల్లో రంగు కంటికి కనిపించినదాన్ని నకలు తీయడం మానేసి, లోపల కదిలినదాన్ని చెప్పడం మొదలుపెట్టింది. ఆ రంగుల్లో ఆధ్యాత్మికత ఉందని చూసిన వాళ్లంతా ఒప్పుకుంటారు. అయితే దాని మూలం వెతికేటప్పుడు చాలామంది పండితులు హిందూ-బౌద్ధ గతం దాకానో, అంతకుముందరి ప్రకృతి ఆరాధన దాకానో వెళ్లిపోతారు. దారిలో ఆరు వందల ఏళ్ల ఇస్లాం ఉన్నా దాని దగ్గర ఆగరు. మా పేచీ అక్కడే.

మొదట ఆ కొండను ఎవరు చూశారో, ఎవరికోసం చూశారో తెలుసుకోవాలి.

రాదెన్ సాలేహ్ 1811 ప్రాంతంలో జావాలో అరబ్బు, జావా రక్తాలు కలిసిన కులీన కుటుంబంలో పుట్టాడు. ఇరవై ఏళ్లకు పైగా యూరప్‌లో ఉండి చిత్రకారుడిగా పేరు తెచ్చుకుని తిరిగొచ్చాడు. డచ్చి వాళ్ల మీద 1825 నుంచి 1830 దాకా యుద్ధం నడిపిన దీపొనెగోరో యువరాజును చర్చలకని పిలిచి పట్టుకున్నారు. ఆ ఘట్టాన్ని పీనెమన్ అనే డచ్చి చిత్రకారుడు ‘లొంగుబాటు’గా వేశాడు. 1857లో సాలేహ్ అదే ఘట్టాన్ని ‘నిర్బంధం’గా వేశాడు. పీనెమన్ చిత్రంలో రెపరెపలాడిన డచ్చి జెండా సాలేహ్ చిత్రంలో లేదు. డచ్చి అధికారుల తలలు మాత్రం ఒంటికి మించిన పరిమాణంలో ఉన్నాయి. ఇదే సాలేహ్ 1865లో మెరాపి అగ్నిపర్వతం బద్దలవడాన్ని పగలొకటి, రాత్రొకటి చొప్పున రెండు చిత్రాలుగా వేశాడు. నేర్చిన పద్ధతి యూరప్‌దే. కాని నిప్పు కక్కే ఆ కొండ మాత్రం ఏ దొర బంగళా వరండాలోంచీ తీరిగ్గా చూసే కొండ కాదు.

దొరల వరండా కొండలు తర్వాత వచ్చాయి. దీపొనెగోరో యుద్ధం ముగిసిన 1830లోనే డచ్చి వాళ్లు జావాలో నిర్బంధ సాగు మొదలుపెట్టారు. రైతు తన భూమిలో కొంత భాగం సర్కారు కోరిన చెరకుకో, కాఫీకో, నీలిమందుకో వదలాలి. కొన్ని దశాబ్దాలకు ఆ పద్ధతి పోయినా చక్కెర మిల్లులూ దొరల తోటలూ మిగిలాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ నేల మీదే ఒక చిత్రకళ బాగా అమ్ముడుపోయింది. వెనక నీలికొండ. ముందు అద్దంలాంటి వరిమడి. పక్కన కొబ్బరిచెట్టు, లేకుంటే ఎర్రగా పూసిన తురాయిచెట్టు. డచ్చి ఉద్యోగులు కొన్నారు, తోటల యజమానులు కొన్నారు, యాత్రికులు కొన్నారు. అబ్దుల్లా సుర్యోసుబ్రోతో, వకిదీ లాంటి స్థానిక చిత్రకారులూ ఆ పద్ధతిలో వేశారు. వాళ్ల పనితనాన్ని మేం తక్కువ చేయడం లేదు. గాలిలో తడిని, పొద్దుటి మంచును పట్టుకోవడంలో వాళ్లు సిద్ధహస్తులు. కాని మొత్తంగా ఆ చిత్రకళలో రైతు ఒక చిన్న మరక. అందులో నీలం ఉంది, నీలిమందు లేదు. ఆకుపచ్చ ఉంది, ఆ పచ్చ కోసం వంగిన నడుం లేదు.

ఈ ధోరణిని ‘మోయ్ ఇండియె’ అని, అంటే ‘అందాల ఇండీస్’ అని వెక్కిరించినవాడు సుజోయోనో. సుమత్రా తోటల ప్రాంతంలో 1913లో పుట్టాడు. 1930ల చివర్లో అగుస్ జాయాతో కలిసి ‘పెర్సాగి’ అనే చిత్రకారుల సంఘం పెట్టాడు. కొండ, కొబ్బరిచెట్టు, వరిమడి అనే మూడింటినీ చిత్రకారులు త్రిమూర్తుల్లా కొలుస్తున్నారని ఎత్తిపొడిచాడు. ఆయన ప్రతిపాదించిన మాట ‘జివా కెతోక్’. కనిపించే ఆత్మ అని అర్థం. చిత్రంలో వస్తువు కన్నా దాన్ని వేసినవాడి ఆత్మ కనబడాలన్నాడు. కొన్నేళ్లు కమ్యూనిస్టు పార్టీలో పనిచేసిన మనిషి ఆత్మ గురించి మాట్లాడాడంటే మన విమర్శకులకు వింతగా ఉంటుంది. వలసపాలనలో మనిషి మొదట పోగొట్టుకునేది తన చూపే అని తెలిసినవాళ్లకు ఇందులో వింత లేదు. అన్నట్టు కొండల్ని అంతగా ఎద్దేవా చేసిన సుజోయోనో తర్వాతి రోజుల్లో తనే ఎన్నో ప్రకృతి చిత్రాలు వేశాడు. ఆయన తగాదా కొండతో కాదు, కొండను అమ్మకానికి పెట్టిన కంటితో.

ఆ కంటిని పూర్తిగా వదిలించుకున్నవాడు అఫాండీ. 1907లో చెరిబోన్‌లో పుట్టాడు. కుంచెతో ఆగే ఓపిక లేక రంగు గొట్టాన్ని నేరుగా గుడ్డ మీద పిండి, వేళ్లతో, అరచేత్తో రుద్దడం ఆయన పద్ధతిగా మారింది. ఆరుబయట వస్తువు ఎదురుగా నిలబడి, ఆ ఊపు చల్లారకముందే ముగించేవాడు. మెరాపినీ బోరోబుదూర్‌నూ పడవలనూ అలాగే వేశాడు. ఆయన చిత్రాల్లో సూర్యుడు గుండ్రంగా ఆకాశంలో అతికించినట్టు ఉండడు. పసుపూ ఎరుపూ తాళ్లలా మెలికపడి తిరుగుతుంటాయి. కొండకూ ఆకాశానికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పడం కష్టం. రంగు పొర మీద తడిమితే గరుకు తెలిసేంత మందం. తన గుర్తుగా సూర్యుడినీ చేతుల్నీ కాళ్లనీ ఎంచుకున్నాడు. వెలుగు పైనుంచి వస్తుంది, పని చేతులది, నడక కాళ్లది అని మేం ఆ గుర్తును చదువుకుంటాం.

అఫాండీకీ మన దేశానికీ నేరుగా సంబంధం ఉంది. 1949లో భారత ప్రభుత్వ ఆర్థిక సహాయంతో శాంతినికేతన్ వచ్చాడు. 1951 దాకా ఇక్కడే ఉండి తిరిగాడు, చిత్రాలు వేశాడు, ప్రదర్శనలు పెట్టాడు. ఆయనకన్నా ముందే రుస్లీ అనే సుమత్రా చిత్రకారుడు 1930లలో శాంతినికేతన్ కళాభవన్‌లో చదువుకుని వెళ్లాడు. నాలుగు గీతలూ రెండు మూడు రంగుల మరకలతో సముద్రపు ఒడ్డునంతా చెప్పి మిగతా కాగితాన్ని ఖాళీగా వదిలేసే పొదుపు ఆయనది. దేశం రెండు ముక్కలైన రెండేళ్లకే ఒక ముస్లిం చిత్రకారుడు ఇక్కడికి వచ్చి మన కొండల్నీ మనుషుల్నీ తన రంగుల్లో వేసుకున్నాడన్న సంగతి మన కళాచరిత్ర పుస్తకాల్లో ఎన్నింట్లో ఉంది?

ఇక మూలాల విషయానికి వద్దాం. దానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, ఆ భాషలోని నాలుగు మాటలు చాలు. ఇండోనేసియా భాషలో రంగును ‘వర్న’ అంటారు. అది మన వర్ణమే. ఆత్మను ‘జివా’ అంటారు. అది మన జీవమే. వెలుగును ‘చహాయ’ అంటారు. అది మన ఛాయే. మరి ప్రకృతిని ఏమంటారు? ‘ఆలం’ అంటారు. మా ఇళ్లలో ఉర్దూలో లోకాన్ని ఏ మాటతో పిలుస్తామో అదే అరబ్బీ మాట. లోపలిదాన్ని ‘బాతిన్’ అంటారు. బయటిదాన్ని ‘లాహిర్’ అంటారు. అది అరబ్బీ ‘జాహిర్’. రంజాన్ పండగనాడు అక్కడి జనం ఒకరినొకరు క్షమాపణ కోరుకునేది ‘లాహిర్, బాతిన్’ రెండింటా చేసిన తప్పులకు. చదువుకున్న సూఫీలు మాత్రమే వాడే మాటలు కావవి. కూరగాయలమ్మే మనిషి కూడా పండగపూట అనే మాటలు.

అంటే ఒక ఇండోనేసియా మనిషి ప్రకృతి చిత్రం గురించి మాట్లాడటానికి నోరు తెరిస్తే వర్ణమూ ఆలమూ ఒకే వాక్యంలో వచ్చి కూర్చుంటాయి. ఒకటి రెండోదాన్ని ఇల్లు ఖాళీ చేయమనలేదు. జావా వాళ్ల అంతర్ముఖ సాధనను ‘కెబాతినన్’ అంటారు. ఇస్లాంకు ముందరి మార్మికతకు రుజువుగా తరచూ చూపించేది దీన్నే. ఆ పేరు నడిబొడ్డున ఉన్నది ‘బాతిన్’ అనే అరబ్బీ మాట!

క్లిఫర్డ్ గీర్ట్జ్ అనే అమెరికన్ పండితుడు 1960లో జావా మతం మీద పెద్ద పుస్తకం రాశాడు. అక్కడి సమాజాన్ని మూడు పాయలుగా విడదీసి, నిష్ఠగా నమాజు చేసే వర్గంలోనే అసలు ఇస్లాంను చూశాడు. మిగిలిన ఇద్దరికీ ఇస్లాం పైపూత అన్న అభిప్రాయం దాంతో బలపడింది. 1989లో మార్క్ వుడ్‌వర్డ్ అనే మరో పండితుడు దీన్ని కాదన్నాడు. జావా ప్రజల నమ్మకాల్లో చాలావాటిని సూఫీ ఇస్లాం వెలుగులోనే అర్థం చేసుకోవాలని వాదించాడు. పండితుల తగువు పండితులు తేల్చుకుంటారు. మాకు కావలసింది ఒక్కటే. పుస్తకంలో ఉన్న ఇస్లాంనే ఇస్లాం అని, మనుషులు బతికిన ఇస్లాంను ‘కలగాపులగం’ అని ఎవరు నిర్ణయించారు? పీర్ల చావిడి దగ్గర మాతం చేసే మా ఊళ్ల ముస్లింల గురించి కూడా ఇదే తీర్పు విన్నాం. ఒకవైపు నుంచి మీరు పూర్తిగా ముస్లింలు కారంటారు. ఇంకోవైపు నుంచి మీరు ముస్లింలే, ఇక్కడివాళ్లు కారంటారు.

మెరాపి కొండనే తీసుకోండి. రాదెన్ సాలేహ్ వేసిందీ అఫాండీ వేసిందీ అదే కొండ. యోగ్యకర్త సుల్తాను తరఫున ఏటా అక్కడ కానుకలు సమర్పించే ఆచారం ఉంది. ఆ కొండకు ‘తాళంచెవి కాపరి’గా మ్బా మరిజాన్, అంటే మరిజాన్ తాత, ఎన్నో ఏళ్లున్నాడు. 2010 అక్టోబర్ 26న మెరాపి బద్దలైనప్పుడు అందరూ దిగిరమ్మన్నా ఆయన దిగలేదు. మరునాడు ఆయన శవం సజ్దాలో వంగిన భంగిమలో దొరికిందని వార్తలొచ్చాయి. కొండకు కానుకలిచ్చే చేతులూ సజ్దా చేసే నుదురూ ఒకే మనిషివి. ఇప్పుడా కొండ ఆధ్యాత్మికత ఎవరిదని తీర్మానిస్తారు? ప్రవక్త జయంతినాడు అదే యోగ్యకర్తలో వరి, కూరగాయలతో కొండల్లాంటి రాశులు కట్టి, రాజప్రాసాదం నుంచి ఊరేగిస్తూ పెద్దమసీదుకు తీసుకెళ్తారు. ఆ రాశుల పేరు ‘గునుంగన్’. తోలుబొమ్మలాటలో ఆట మొదట్లోనూ చివర్లోనూ తెర మధ్య నిలబెట్టే కొండాకారం పేరూ ‘గునుంగన్’. దాన్ని తయారుచేసినవాడు ఇస్లాంను ప్రచారం చేసిన తొమ్మిదిమంది వలీలలో ఒకడైన సునాన్ కలిజాగా అని అక్కడి జనం చెప్పుకుంటారు.

ఈ గునుంగన్‌ను చిత్రంలోకి తెచ్చినవాడు అహ్మద్ సదాలి. పశ్చిమ జావాలోని గరుత్‌లో 1924లో పుట్టాడు. బాండుంగ్ సాంకేతిక విద్యాసంస్థలో చిత్రకళ చదివి అక్కడే బోధించాడు. అక్కడి గురువు రీస్ ముల్దర్ డచ్చివాడు, ఘనవాద పద్ధతి నేర్పాడు. 1954లో త్రిస్నో సుమార్జో అనే విమర్శకుడు బాండుంగ్ చిత్రకారుల్ని పడమటి ప్రయోగశాల సేవకులని దుయ్యబట్టాడు. సదాలి ఆ మాటకు జవాబు వ్యాసం రాసి చెప్పాడో లేదో గాని, రంగులో మాత్రం చెప్పాడు. 1980 నాటి ‘గునుంగన్ ఎమాస్’, అంటే బంగారు కొండ, చూడండి. గరుకు నేల మీద లేచిన త్రికోణం. పాతగోడలా పగిలిన రంగు. ఆ పగుళ్ల మీద బంగారు రేకు మిగిలీ మిగలనట్టు మెరుస్తుంది. నిండుగా పూసిన బంగారం దర్పం చూపిస్తుంది. చిరిగి మిగిలిన బంగారం, ఇదంతా ఏనాటికైనా రాలిపోయేదే సుమా అంటుంది. వెలుగు బయటినుంచి పడ్డట్టు ఉండదు, పగుళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది. మనిషి ఆకారం ఎక్కడా లేదు. ప్రాణమున్నవాటి బొమ్మల్ని వద్దన్న ఉలేమాలు కూడా చెట్టుకూ కొండకూ అడ్డు చెప్పలేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. సదాలి ఆ సందులోంచి తప్పించుకున్నవాడు కాదు. బాండుంగ్ విద్యాసంస్థలో సల్మాన్ మసీదు కోసం పాటుపడిన వాళ్లలో ఆయనా ఉన్నాడు. జానమాజ్ మీద కూర్చున్న మనిషే చిత్రఫలకం ముందూ కూర్చున్నాడు.

ఇంతవరకూ చెప్పి ఊరుకుంటే అన్యాయం అవుతుంది. ఒక ప్రశ్న అడక్క తప్పదు. ఈ బంగారు మౌనం విరబూసిన కాలం ఏది? 1965-66లో ఇండోనేసియాలో కమ్యూనిస్టులన్న పేరుతో లక్షలాది మందిని చంపారు. ఆ తర్వాత సుహార్తో పాలన వచ్చి 1998 దాకా సాగింది. వామపక్ష చిత్రకారుల నోళ్లు మూసేసిన ఆ రోజుల్లో మనుషుల్లేని, నినాదాల్లేని ఆధ్యాత్మిక చిత్రం ఏలేవాళ్లకు ఇబ్బంది లేని చిత్రం. ఇది సదాలి నేరమని మేం అనం. ఆయన సాధన ఆయనది. కాని ఆ బంగారు కొండ పక్కన ఇంకో చిత్రకారుణ్ని నిలబెట్టకుండా చరిత్ర రాయకూడదు.

ఆయన హెంద్రా గుణవాన్. బాండుంగ్‌లోనే 1918లో పుట్టాడు. మొదట్లో ప్రకృతి చిత్రాలు వేయడమే నేర్చాడు. వామపక్ష సాంస్కృతిక సంస్థ ‘లెక్రా’లో ఉన్నందుకు 1965 నుంచి 1978 దాకా జైల్లో పెట్టారు. ఆ జైల్లోనే వేశాడు. వింత ఏమిటంటే అక్కడ ఆయన రంగులు చీకటి పడలేదు, భగ్గుమన్నాయి. ఊదా, నారింజ, చిలకపచ్చ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. కళ్లకు నాలుగు గోడలు తప్ప కనిపించని మనిషి సముద్రాన్నీ సంతనీ చేపల్నీ జ్ఞాపకంలోంచి పిండి తీశాడు. కంటికి అందని లోకాన్ని రంగుతో నమ్మడాన్ని ఏమంటారు? దాన్ని ఆధ్యాత్మికత అనడానికి ఎవరికైనా మొహమాటంగా ఉంటే, ఆ మాట అర్థాన్నే మనం కుదించేశామన్నమాట. సదాలి బంగారమూ హెంద్రా ఊదా రంగూ ఒకే ఊరి నుంచి, ఒకే దశాబ్దంలో వచ్చాయి. ఒకటి మసీదు దగ్గర, ఒకటి జైల్లో. రెండూ కలిపి చదివితేనే ఆ కాలపు ఆత్మ కనబడుతుంది.

ఈ రెండింటి మధ్యా నడిచినవాడు ఎ.డి. పిరూస్. అచే ప్రాంతపు మెలాబోలో 1932లో పుట్టి 2024లో కన్నుమూశాడు. తండ్రి వైపు పూర్వీకులు గుజరాత్ నుంచి వెళ్లినవాళ్లు. తల్లి జరీపనిలో నేర్పరి. అచేకీ మన తీరానికీ కూడా పాత చుట్టరికమే. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం నుంచి గోల్కొండ ఓడలు అచేకు వెళ్లేవి. చిరువేరు ఎరుపు అద్దిన మన బట్టలు ఆ ద్వీపాల్లో కట్టుకునేవారు.

పిరూస్ 1969లో చదువు కోసం అమెరికా వెళ్లాడు. న్యూయార్క్ మ్యూజియంలో ఇస్లామీ కళావస్తువులు చూశాక గాని తన చిన్ననాటి అచే సమాధి రాళ్లూ, తల్లి జరీ అల్లికలూ తనకు వారసత్వమని తోచలేదు. తన ఇంటి సొమ్మును పరాయి దేశపు అద్దాల పెట్టెలో చూసి గుర్తుపట్టడం! వలసపాలన చవిచూసిన అందరికీ ఈ అనుభవం తెలుసు. తిరిగొచ్చాక పాలరాతి ముద్దతో గరుకు చేసిన ఫలకాల మీద అరబ్బీ అక్షరాన్ని వేశాడు. అవి చాలావరకు ప్రకృతి చిత్రాల్లాగే ఉంటాయి. ఎండిన నేలా, దిగంతమూ, వాటి మీద వాన తుడిచేసినట్టు మిగిలిన రాత. మొదట్లో చదవడానికి వీల్లేని ఆకారాలుగా అక్షరాల్ని వాడాడు. చూడవచ్చిన ముస్లింలు ఇది చదవలేకపోతున్నామన్నారు. పిరూస్ ఆ మాట విన్నాడు, చదవగలిగేట్టు రాశాడు. స్వేచ్ఛ తగ్గిందని కొందరంటారేమో. చూసేవాడి ముందు బాధ్యత పెరిగిందని మేం అంటాం. 1991, 1995లలో సర్కారు అండతో జరిగిన ఇస్తిఖ్లాల్ ఉత్సవాల్లో ఆయనది పెద్దపాత్ర. ఆ అండ ఏ పాలకులదో మరవకూడదు. అచేలో 1989 నుంచి 1998 దాకా సైనిక చర్య నడిపించిందీ ఆ పాలకులే. పిరూస్ కూడా మరవలేదు. 1998 తర్వాత అచే గాయం ఆయన ఫలకాల మీదికి వచ్చింది. డచ్చి వాళ్లను ఎదిరించిన తవుకు ఉమర్‌ను తలుచుకుంటూ వేశాడు. దేవుడి పేరున్న చోటే ప్రజల నెత్తుటి గుర్తూ ఉండొచ్చని ఆ చిత్రాలు చెప్పాయి.

మనకు దీనివల్ల ఒరిగేదేమిటి? ముస్లిం పాఠకులకు మేం చెప్పేదొకటి. రంగు హరాం కాదు. ఆలంను చూడమన్న మతం చూసినదాన్ని దాచమనదు. ఇక లౌకికవాద మిత్రులకు. మా చిత్రంలో వర్ణమూ జీవమూ కనబడితే ఆనందించండి, అవి మీవీ మావీ. కాని ఆ ఆనందంలో ఆలంనూ బాతిన్‌నూ తుడిచేయకండి. ఇండోనేసియా చిత్రకారులందరూ ముస్లింలని మేం అనడం లేదు. బాలిలో హిందువులున్నారు, క్రైస్తవులున్నారు, ఏ మతమూ పట్టనివాళ్లున్నారు. వాళ్ల కొండలు వాళ్లవి. అసలు కొండకు యజమాని పత్రం రాయాలన్న పట్టింపే మాకు లేదు. ఎవరైనా రాయడానికి కూర్చుంటే మాత్రం అందరి పేర్లూ రాయాలి. మా పేరు కొట్టేసిన పత్రం చెల్లదు.